ఎగుమతి పెట్టెకు సీలు – రైతు తెలుసుకోవలసిన సంగతులు



హైదరాబాదు నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే రోడ్డు మర్రిచెట్లకు పేరుపడిన దారి. ఆ చెట్ల వెనుక చేలల్లో ఈనాడు తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్‌లు కనిపిస్తాయి. లోపల గులాబీ, జర్బెరా. బయట టమాట, క్యారెట్, బీట్‌రూట్, కొత్తిమీర. తెల్లవారకముందే డీసీఎంలూ ట్రాలీ ఆటోలూ నింపుకొని పట్నం దారి పడతాయి. పూలు ఎక్కువగా గుడిమల్కాపూర్ మార్కెట్టుకే పోతాయి. ఆనాటి ధర ఆనాటిది. పండుగ ముందు ఒకటి, పండుగ మర్నాడు మరొకటి.

ఇట్లాంటి చోట రైతులు అడిగే ప్రశ్న ఒకటున్నది. “శంషాబాద్ విమానాశ్రయం 2008లో మన పక్కనే వచ్చింది గదా! ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చాలు. మరి మన పువ్వు, మన కూరగాయ విమానమెక్కి పరదేశం ఎందుకు పోకూడదు?” అని.

పోవచ్చు. అయితే అందుకు మంచి పంట ఒక్కటే చాలదు. పంట మంచిదై, కొనేవాడు దొరికి, ధర కుదిరినాక కూడా ఒక గడప దాటవలసి ఉన్నది. అది కస్టమ్స్ గడప. అంటే సుంకాల శాఖ వారి తనిఖీ. ఆ గడప దగ్గర మన సరుకును ఎట్లా చూస్తారు, పెట్టె ఎట్లా కట్టి ఉండాలంటారు, బండి ఎట్లా ఉండాలంటారు, సీలు ఎందుకు వేయమంటారు – ఈ సంగతులే ఇవాళ చెప్పుకుందాం.

సీలు అనగానే ఇది మనకు తెలియని విద్య అనుకోకండి. మన పెద్దలు చేసినదే. కల్లంలో ధాన్యం తూర్పారబట్టి రాశి పోసేవారు. పంపకం తెల్లవారి జరగవలె. రాత్రికి ఎవరూ గింజ తీయకూడదు. అందుకని రాశి చుట్టూ బూడిదతో గీత గీసి, పైన అక్కడక్కడ ముద్ర వేసేవారు. ఆ ముద్ర దొంగను ఆపుతుందా? ఆపదు. చేయి పెడితే రాశి జారుతుంది, గీత చెరుగుతుంది, ముద్ర చెదురుతుంది. తెల్లవారి చూస్తే ఎవరో చేయి పెట్టినట్టు తెలిసిపోతుంది. ముద్ర చేసే పని అంతే.

కస్టమ్స్ సీలు కూడా ఇదే పని చేస్తుంది. దాన్ని తాళం అనుకుంటే పొరపాటు. తాళం పని దొంగను ఆపటం. సీలు పని సాక్ష్యం చెప్పటం. ఈ ఒక్క మాట గుర్తుంటే తక్కిన నియమాలన్నీ సులభంగా అర్థమవుతాయి.

సుంకాల వారి తనిఖీ మన ప్రాంతానికి కొత్త కాదు. నిజాం సంస్థానంలో సుంకాల శాఖను కరోడ్‌గిరి అనేవారు. ఇప్పుడు దేశమంతటికీ ఒకే చట్టం, 1962 నాటి కస్టమ్స్ చట్టం. దాని ప్రకారం ఎగుమతి చేసేవారు షిప్పింగ్ బిల్లు దాఖలు చేయవలె. ఏ సరుకు, ఎన్ని పెట్టెలు, ఎంత తూకం, ఎంత విలువ, ఎక్కడికి పోతున్నది – అన్నీ అందులో ఉండవలె. అధికారి సరిచూసి ‘లెట్ ఎక్స్‌పోర్ట్’ అనే ఉత్తరువు ఇచ్చిన తరువాతే సరుకు ఓడ గాని విమానం గాని ఎక్కుతుంది. రాసింది ఒకటి, లోపల ఉన్నది మరొకటి అయితే సరుకు జప్తు చేయటానికీ, జరిమానా వేయటానికీ అదే చట్టంలో వీలున్నది.

అధికారికి కావలసినవి రెండే జవాబులు. ఒకటి: కాగితం మీద రాసిన సరుకే పెట్టెలో ఉన్నదా? రెండు: మీరు మూత వేసినప్పటి నుంచి సరుకు ఎగిరిపోయే వరకు మధ్యలో ఇంకొకరి చేయి పడిందా? మొదటి జవాబు కాగితం చెబుతుంది. రెండోది పెట్టె, బండి, సీలు చెబుతాయి.

ఈ రెండో సంగతి మీద ప్రపంచ దేశాలు చాలా కాలం కిందటనే ఒక ఒప్పందానికి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసినాక ఐరోపాలో లారీలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సరుకు తీసుకుపోతుంటే ప్రతి సరిహద్దులోనూ దింపి, విప్పి, లెక్కబెట్టి, మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. కూరగాయలు అక్కడే వాడిపోయేవి. 1949లో కొన్ని దేశాలు కలిసి, బయలుదేరిన చోట సీలు వేస్తే చేరిన చోటనే విప్పుదాం అనే పద్ధతి మొదలుపెట్టాయి. అది 1959లో ఒక ఒప్పందమయింది. 1975లో దాన్ని తిరగరాశారు. దానినే టి.ఐ.ఆర్. ఒప్పందం అంటారు. నీలిరంగు పలకమీద తెల్లటి అక్షరాలు రాసుకొని పోయే లారీలు ఆ పద్ధతిలో నడిచేవే. మన దేశం ఈ ఒప్పందంలో 2017లో చేరింది.

మధ్య దారిలో విప్పి చూడకూడదంటే, ఆ లారీని, ఆ కంటెయినర్‌ను ముందే చూసి ‘ఇది నమ్మదగినది’ అని ఆమోదించవలె గదా! ఆమోదానికి పెట్టిన షరతులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, సీలు చెడగొట్టకుండా గాని, కంటికి కనబడే గుర్తు మిగలకుండా గాని లోపలి సరుకు తీయటానికి, బయటిది లోపల పెట్టటానికి వీలుండకూడదు. రెండోది, సీలు సులభంగా, గట్టిగా వేయటానికి తగిన చోటు ఉండవలె. మూడోది, సరుకు దాచటానికి రహస్యపు అరలు ఉండకూడదు. నాలుగోది, సరుకు పట్టే ప్రతి మూలా అధికారి చూడటానికి అందుబాటులో ఉండవలె.

ఈ షరతులు ఎంత సూక్ష్మంగా రాశారో చూడండి. లారీ మీద కప్పే టార్పాలిన్ ఉన్నది గదా, మనం తాడ్పత్రి అంటాం. దాన్ని కట్టే తాడు ఒకే ముక్కగా ఉండవలె. నడుమ ముడి వేసి అతికిన తాడు పనికిరాదు. తాడు రెండు కొసలకూ గట్టి లోహపు తొడుగు ఉండవలె. తాడు దూరే రింగులు ఒకదానికొకటి మామూలుగా 200 మిల్లీమీటర్లకు మించి దూరం ఉండకూడదు. అంటే జానెడు దూరం. ఎందుకని? ఎడం ఎక్కువైతే తాడ్పత్రి అంచు లేపి చేయి దూర్చవచ్చు. ముడి ఉంటే విప్పి, పని చూసుకొని మళ్లీ వేయవచ్చు, గుర్తు మిగలదు. కల్లం మీద పడుకొని రాశి కాసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మరి కాయగూరలకు గాలి కావలె గదా, కన్నాలు ఉండవద్దంటే ఎట్లా అని మీరడగవచ్చు. దానికీ నియమం ఉన్నది. గాలి కిటికీ 400 మిల్లీమీటర్లకు మించకూడదు. దానికి జాలి గాని, చిల్లులు పొడిచిన రేకు గాని వేయవలె. ఆ చిల్లు 3 మిల్లీమీటర్లకు మించకూడదు. దాని మీద వెల్డింగ్ చేసిన ఇనుప అల్లిక ఒకటి ఉండవలె. గాలి పోవచ్చు, వేలు పోరాదు. అదీ కొలత.

ఇట్లా ఆమోదం పొందిన లారీకి ఒక ధ్రువపత్రం ఇస్తారు. రెండేళ్లకొకసారి బండిని మళ్లీ చూపించి దాన్ని కొత్త చేయించుకోవలె. ఆమోదించిన కంటెయినర్‌కు ఒక లోహపు పలక బిగిస్తారు. ‘కస్టమ్స్ సీలు కింద రవాణాకు ఆమోదించబడినది’ అనే అర్థం వచ్చే మాటలు దాని మీద ఇంగ్లీషులో ఉంటాయి. ఎప్పుడైనా కంటెయినర్ మీ ఊరి దగ్గర ఆగితే ఆ పలక కోసం వెతికి చూడండి.

ఇక మన దేశంలో కంటెయినర్ నింపి సీలు వేసే పద్ధతికి వద్దాం. పూర్వం అధికారి వచ్చి నిలుచుంటేనే సరుకు నింపి సీలు వేయటం ఎక్కువగా జరిగేది. ఆయన రాక కోసం ఎదురుచూడవలసి వచ్చేది. 2017 జులై 1న, జి.ఎస్.టి. మొదలైన రోజునే, కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 26/2017 నంబరు సర్క్యులర్‌తో ఈ పద్ధతి మార్చింది. కంటెయినర్ నిండా సరుకు పంపే ఎగుమతిదారు తన ఆవరణలో తానే సీలు వేసుకోవచ్చు. దీనినే స్వయం సీలు పద్ధతి అంటారు.

అయితే దీనికి ముందుగా అనుమతి కావలె. సరుకు నింపే ఆవరణ ఎక్కడున్నదో కస్టమ్స్ వారికి తెలియజేయవలె. అధికారి వచ్చి ఆ చోటు చూస్తాడు. సరుకు నింపి సీలు వేయటానికి తగినదా కాదా అని నివేదిక రాస్తాడు. దాని మీద కమిషనర్ అనుమతి ఇస్తారు. ఒకసారి వచ్చిన అనుమతి తప్పు చేస్తే తప్ప పోదు. కాని ఆవరణ మార్చితే మళ్లీ అనుమతి తీసుకోవలసిందే. చేవెళ్లలోని షెడ్డుకు తీసుకున్న అనుమతితో మొయినాబాద్ షెడ్డులో సీలు వేయటం కుదరదు.

సీలు కూడా మామూలు సీలు కాదు. రేడియో తరంగాలతో చదివే ఎలక్ట్రానిక్ సీలు. ఎగుమతిదారు కోడ్, షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, సీలు నంబరు, సీలు వేసిన తేదీ, గంట, చేరవలసిన రేవు, కంటెయినర్ నంబరు, లారీ నంబరు – ఇవన్నీ ఆ సీలుకు ముడిపెట్టి కంప్యూటర్‌లో ఎక్కించవలె. రేవులోనో, సనత్‌నగర్‌లాంటి లోతట్టు కంటెయినర్ డిపోలోనో యంత్రంతో దాన్ని చదువుతారు. సీలు చెక్కుచెదరకుండా ఉంటే, ప్రత్యేకించి అనుమానపడే సమాచారం లేకపోతే, కంటెయినర్ విప్పరు. చెదిరినట్టు తేలితే విప్పి చూస్తారు.

ఇక్కడ జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటున్నది. పూర్వం అధికారి నిలుచుండి సీలు వేయించినప్పుడు బాధ్యతలో ఆయనకూ పాలున్నది. ఇప్పుడు సీలు మన చేతికి వచ్చింది. దానితో పాటు బాధ్యత కూడా మన గేటు దగ్గరికే వచ్చింది. సర్కారు మనల్ని నమ్మింది గనుక మనం నమ్మకంగా ఉండవలె. కంచె చేను మేసినట్టు కాకూడదు.

కంటెయినర్ నింపేముందు ఏడు చోట్లు చూడమంటారు. ముందు గోడ, ఎడమ గోడ, కుడి గోడ, నేల, పైకప్పు, తలుపులు, బయట అడుగుభాగం. లోపల నిలుచుండి తలుపు మూయించుకోండి. ఎక్కడైనా వెలుతురు పడుతున్నదంటే కన్నమున్నట్టే. గోడ తట్టి చూడండి. ఒకచోట ఒక రకం, ఇంకోచోట ఇంకో రకం చప్పుడు వస్తే లోపల అరలుండవచ్చు. ఎడ్లబండి కట్టేముందు ఇరుసు, చీల చూసుకున్నట్టే ఇది కూడా.

సీళ్లలో అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మూడు తరగతులున్నాయి. కేవలం గుర్తు చూపేది ఒకటి, కొంత గట్టిది రెండోది, మిక్కిలి గట్టిది మూడోది. పరదేశానికి పోయే కంటెయినర్‌కు వేసేది మూడో తరగతి. బొల్టులాగా ఉండి, నొక్కితే బిగుసుకుపోతుంది. సుమారు వెయ్యి కిలోల బరువు వేలాడదీసినంత లాగుడుకు అది నిలవవలె. పెద్ద కత్తెరతో కోస్తే తప్ప రాదు. కోస్తే మళ్లీ అతకదు.

సీలు వేసినాక నాలుగు పనులు చేయండి. చూడండి, పోల్చండి, లాగండి, తిప్పండి. పగులు, గీత ఏమైనా ఉన్నదా అని చూడండి. సీలు మీది నంబరు కాగితం మీది నంబరుతో పోల్చండి. గట్టిగా కిందికి లాగండి. చేత్తో తిప్పండి. కొన్ని దొంగ సీళ్లు మరలాగా విప్పితే ఊడి వస్తాయి. ఈ నాలుగు పనులకూ ఒక నిమిషం పట్టదు.

ఇప్పుడు మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు – మాకు కంటెయినర్ నిండా సరుకెక్కడిది? రెండెకరాల గులాబీతోట వాడు ఇరవై అడుగుల కంటెయినర్ ఏం నింపుతాడు? పైగా పువ్వు ఓడలో పోవటానికి రోజులు పడతాయి గదా, అని.

నిజమే. పువ్వు, కొత్తిమీర వంటి లేత సరుకు విమానంలోనే పోవలె. విమానంలో అట్టపెట్టెలు పోతాయి. అందుకని మన ఊళ్లకు ఎక్కువ పనికివచ్చేది పెట్టె సంగతే. సీలుకు చెప్పిన సూత్రమే పెట్టెకూ వర్తిస్తుంది. మూత వేసినాక ఎవరు చేయి పెట్టినా తెలియవలె.

గులాబీ సంగతి తీసుకోండి. మొగ్గ విప్పుకోకముందే కోస్తాం. వెంటనే నీళ్లలో నిలిపి, 2 నుంచి 4 డిగ్రీల చల్లని గదిలో ఉంచుతాం. 20 కాడల కట్ట కట్టి, అట్టచుట్టి పెట్టెలో అమరుస్తాం. ప్రతి పెట్టెలో కట్టలు ఒకే లెక్కన ఉండవలె. ఒక పెట్టెలో 10, ఇంకో పెట్టెలో 12 వేసి, మొత్తం సరిపోయింది గదా అనుకోకండి. అధికారి ఏదో ఒక పెట్టె ఎంచి విప్పుతాడు. కాగితంలో 10 అని ఉండి లోపల 12 ఉంటే, మొత్తం సరుకు మీదనే అనుమానం పడుతుంది. మిగతా పెట్టెలు కూడా విప్పుతారు. ఆ విప్పి కట్టే లోపల చల్లదనం పోతుంది. విమానమూ పోతుంది.

పెట్టెకు గట్టి అట్ట వాడండి. గాలి కన్నాలు చిన్నవిగా ఉండాలి, చేయి దూరకూడదు. మూతకు వేసే టేపు అతుకు మీదుగా ఒకే ముక్కగా, కొస నుంచి కొసకు పోవలె. పైన ప్లాస్టిక్ పట్టీ బిగించండి. పాత పట్టీ, వాడిన టేపు మళ్లీ వాడవద్దు. ప్రతి పెట్టె మీద వరుస నంబరు, ఎవరి తోటది, ఏ రోజు కోసినది రాయండి. ఈ నంబర్లే ప్యాకింగ్ జాబితాలోనూ ఉండవలె. విమానాశ్రయంలో పెట్టెలను ఎక్స్‌రే యంత్రంలో చూస్తారు. దానితో పువ్వుకు హాని ఏమీ లేదు. అయితే పెట్టెలో మరిచిపోయిన కత్తెర, ఇనుప తీగ ఉంటే యంత్రం పట్టుకుంటుంది. ఆ పెట్టె ఆగిపోతుంది.

పెట్టెల కింద చెక్క పలక వేస్తే ఇంకో నియమం కూడా ఉన్నది. పచ్చి చెక్కలో పురుగు దాగి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతుందని, 2002లో అంతర్జాతీయంగా ఒక ప్రమాణం పెట్టారు. చెక్క నడిగుండె వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు ఆగకుండా తగలవలె. లేదా విషవాయువు పట్టించవలె. అట్లా చేసిన చెక్క మీద గోధుమ వెన్ను గుర్తుతో ముద్ర కాలుస్తారు. ముద్ర లేని చెక్కను అవతలి దేశం వెనక్కి పంపవచ్చు, తగలబెట్టవచ్చు. ఈ పని చేసేవారికి శిక్షణ ఇచ్చే సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉన్నది. అదే జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ. ఊళ్లో వడ్రంగి చేత పాత పలకలు కొట్టించి పంపుదామనుకుంటే మాత్రం చిక్కే.

పెట్టె బాగుండటం ఎంత పెద్ద సంగతో తెలిపే ఉదాహరణ చెబుతాను. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన దేశపు మామిడిపండ్లను, వంకాయ, కాకర, పొట్ల, చామలను రానివ్వకుండా ఆపింది. కారణమేమంటే, 2013లో మన దేశం నుంచి పోయిన పండ్లు, కూరగాయల్లో 207 విడతల సరుకులో పండు ఈగ వంటి పురుగులు కనిపించాయి. ఆ తరువాత, ఎపెడా వారు గుర్తించిన ప్యాక్‌హౌస్‌లలోనే, ప్లాంట్ క్వారంటైన్ అధికారులు చూస్తుండగా సరుకు కట్టే ఏర్పాటు చేశారు. మామిడి మీది ఆంక్ష 2015 మొదట్లో తీశారు. కూరగాయలకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఆలోచించండి. పురుగు ఉన్న పెట్టెలు కొన్నే. ఆగినది దేశం మొత్తం సరుకు. శ్రద్ధగా పండించినవాడికీ, అశ్రద్ధగా కట్టినవాడికీ ఒకే శిక్ష పడింది.

అందుకే ప్యాక్‌హౌస్ గేటు దగ్గర ఒక కట్టడి ఉండవలె. మనది కాని సరుకు లోపలికి రాకూడదు. అనుకోండి, పది మంది రైతులు కలిసి వంద పెట్టెలు పంపవలసి ఉన్నది. కోసే రోజు ఒకరి తోటలో తక్కువ పడింది. చుట్టమో, ఇరుగుపొరుగో “మా తోటవి ఆరు పెట్టెలున్నాయి, కలుపుకో అన్నా” అంటాడు. కాదంటే మొహమాటం. కలిపితే? ఆ ఆరు పెట్టెల్లో ఏ మందు కొట్టారో, ఏ పురుగున్నదో, అసలు పువ్వు తప్ప ఇంకేమున్నదో మీకు తెలియదు. కాని సీలు మీది నంబరు మీది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సీలు బయటివాడి చేతిని పట్టిస్తుంది గాని, మూత వేసేముందు మనమే చేసిన పొరపాటును పట్టివ్వదు. మొహమాటం గేటు బయటనే విడిచి రండి.

ఇంకో భయం దారిలో. నిషేధించిన మత్తుపదార్థాలు పంపేవారు మంచి సరుకు చాటున దాచి పంపాలని చూస్తారు. కూరగాయ, పువ్వు అయితే త్వరగా పంపేస్తారని వారి ఆశ. బండి ధాబా దగ్గర గంటసేపు ఆగితే చాలు. దొరికినప్పుడు మొదట అడిగేది పెట్టె మీద పేరున్నవాడినే. ఆ రోజున మిమ్మల్ని కాపాడే సాక్షి ఎవరు? సీలు ఒకటి, మీరు రాసుకున్న పుస్తకం ఒకటి.

ఆ పుస్తకం ఏమిటంటే, ఒక మామూలు నోటు పుస్తకం. బండి బయలుదేరేటప్పుడు తేదీ, గంట, బండి నంబరు, డ్రైవరు పేరు, పెట్టెల లెక్క, సీలు నంబరు రాసి, డ్రైవరు చేత సంతకం చేయించండి. డీసీఎం మూసిన డబ్బా అయితే తలుపుకు నంబరున్న సీలు వేయండి. సీలు ఫోటో కూడా తీసిపెట్టుకోండి. డ్రైవరుకు మూడు మాటలు చెప్పండి. దారిలో మనుషులను ఎక్కించవద్దు. బండి చెడితే సీలు కోయవద్దు, ఫోను చేయి. ఏ అధికారి అయినా విప్పమంటే విప్పనివ్వు, ఎదురుచెప్పవద్దు. కాని విప్పినవారి పేరు, హోదా, గంట, పాత సీలు నంబరు, కొత్త సీలు నంబరు రాయించుకొని రా. సీలు తెగటం నేరం కాదు. ఎందుకు తెగిందో చెప్పలేకపోవటమే ముప్పు.

ఇదంతా ఒక్క రైతు చేయగలడా? చేయలేడు, చేయనక్కరలేదు కూడా. ఎగుమతిదారు కోడ్ తీసుకోవటం, ఎపెడాలో నమోదు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, షిప్పింగ్ బిల్లు – వీటికి లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకర్లున్నారు. ఎగుమతి కంపెనీలున్నాయి. కాని తోట నుంచి ప్యాక్‌హౌస్ వరకు జరిగేది రైతుల చేతిలోదే. ఇరవై ముప్పై మంది ఉత్పత్తిదారుల సంఘంగా కలిసి, ఒక షెడ్డు, ఒక చల్లని గది, ఒక తూకం, ఒక పుస్తకం పెట్టుకుంటే సాగుతుంది. ఆ షెడ్డుకు ఒకే గేటు ఉండవలె. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో అందరికీ తెలియవలె.

గ్రామాల్లో పనిచేసే వ్యవసాయ, ఉద్యాన విస్తరణాధికారులకు ఒక మనవి. పాలీహౌస్ రాయితీ గురించి, మందుల గురించి చెప్పినట్టే, పెట్టె కట్టటం కూడా ఒక పాఠంగా చెప్పండి. మాటలతో చాలదు. ఒక పెట్టె కట్టించి, పట్టీ బిగించి, “ఇప్పుడు మాకు తెలియకుండా ఇందులోంచి ఒక పువ్వు తీయండి చూద్దాం” అని రైతులకే ఇవ్వండి. ఎక్కడ చేయి దూరుతుందో వారే కనిపెడతారు. వారే మూస్తారు. ఇంతకన్నా మంచి పాఠం లేదు.

“మా పువ్వు గుడిమల్కాపూర్ దాటి పోవటం లేదు, మాకెందుకీ గొడవ?” అనేవారికి కూడా ఒక మాట. రేపే విమానమెక్కండి అని నేను చెప్పటం లేదు. కొనేవాడు కుదరకుండా, లెక్క చూసుకోకుండా ఎగుమతికి దిగటం మంచిది కాదు. అయితే ఈ అలవాటు ఇవాళ్టి మార్కెట్టుకూ పనికివస్తుంది. పైన మంచివి, అడుగున చిన్నవి వేసిన పెట్టె ఏదో, పైనుంచి అడుగు వరకు ఒకటిగా ఉండే పెట్టె ఏదో వ్యాపారికి పదిరోజుల్లో తెలిసిపోతుంది. పేరు రాసి, లెక్క రాసి, చెప్పినంత సరుకు పెట్టే రైతు మాట మార్కెట్టులో నిలుస్తుంది. ఎగుమతి అవకాశం వచ్చిన నాడు కొత్తగా నేర్చుకోవలసింది తక్కువుంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని ఉండదు.

చెప్పినదంతా మళ్లీ ఒకసారి క్లుప్తంగా చెబుతాను. ఒకటి, కాగితంలో ఉన్నదే పెట్టెలో ఉండవలె, ప్రతి పెట్టెలో లెక్క ఒక్కటే ఉండవలె. రెండు, మూత వేసినాక చేయి పెడితే తెలిసేటట్టు పెట్టె కట్టవలె. మూడు, బండిని, కంటెయినర్‌ను నింపేముందు అన్ని వైపులా చూడవలె. నాలుగు, సీలును చూడవలె, పోల్చవలె, లాగవలె, తిప్పవలె, నంబరు రాసుకోవలె. అయిదు, మనది కాని సరుకు మన గేటు లోపలికి రానివ్వకూడదు.

కల్లంలో రాశి మీద ముద్ర వేసిన నాడు దాన్ని చూసేది ఊళ్లో నలుగురు. ఇవాళ మీ పెట్టె మీది ముద్రను చూసేది సముద్రం అవతల, మీ మొహం ఎన్నడూ చూడనివాడు. మీ గురించి అతనికి ఆ ముద్ర తప్ప ఇంకేమీ తెలియదు. అది చెదరకుండా చేరితే మళ్లీ మీ ఊరి సరుకే కావాలంటాడు.